అలగడానికి ఒక చోటు

తోటమ్మ ఏ ఇంటికి తోట వెయ్యడానికి వెళ్ళినా ముందు అడిగే ప్రశ్నలన్నీ మామూలువే. ఎండ ఏ పక్కనుంచి వస్తుంది, వానొస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, సంపు మూత ఎక్కడుంది, కారు ఎంత లోపలికి వస్తుంది, కుక్కను పెంచే ఆలోచన ఏమైనా ఉందా. ఇంటివాళ్ళు బుద్ధిగా జవాబులు చెబుతారు. అంతా అయ్యాక ఆవిడ కొలతల టేపు చుట్టి సంచిలో పడేసి, "ఇక అసలు సంగతి చెప్పండి. మీ ఇంట్లో ఎవరు ఎక్కువ అలుగుతారు?" అంటుంది.

అప్పుడు ఇంటాయన ముఖం చూసి తీరాలి. రాత్రంతా ఫోన్లో రకరకాల తోటలు చూసి, నోరు తిరగని మొక్కల పేర్లు నాలుగు బట్టీపట్టి ఉంటాడు పాపం. ఈ ప్రశ్న వింటే పాఠంలో లేని లెక్క ఇచ్చినట్టు తెల్లబోతాడు. ఆయన భార్య నవ్వాపుకుంటూ ఆయన్ని చూపిస్తుంది. ఆయన ఆవిణ్ణి చూపిస్తాడు. తోటమ్మ ఎవరి మాటా నమ్మకుండా పక్కనున్న పనిమనిషినో, పెద్దావిడనో అడిగి నిజం రాబడుతుంది. పనివాళ్ళు చాటుగా ఆవిణ్ణి 'అలకల ఇంజనీరు' అంటారు. ఆవిడకు ఆ సంగతి తెలుసు, వినపడనట్టు ఊరుకుంటుంది.

ఆవిడ వేసే ప్రతి తోటలోనూ, అది పెద్ద బంగళా అయినా నాలుగు కుండీలు పట్టే జాగా అయినా, అలిగినవాళ్ళు కూర్చోడానికి ఒక అరుగు ఉంటుంది. దానికి లక్ష పేచీలు పెడుతుంది. వీధి గుమ్మంలోంచి చూసేవాళ్ళకు అది కనపడకూడదు, చుట్టాల ముందు అలగడం నామోషీ. అలాగని పూర్తిగా మరుగునా ఉండకూడదు, ఇంట్లో ఏదో ఒక కిటికీలోంచి కనపడాలి. ఎవరూ చూడకపోతే ఇక అలిగి ఏం లాభం? అక్కడికి వెళ్ళే దారిలో గులకరాళ్ళు పరవాలి, ఎవరైనా వస్తుంటే చప్పుడు వినపడి ముఖం సర్దుకోవడానికి వీలుగా. అరుగు మీద ఇద్దరికి చోటుండాలి. దోమలు మాత్రం ఉండకూడదు. దోమలు కుడితే ఎంత పట్టుదలగల మనిషైనా లేచి లోపలికి పోతాడు, పరువు పోతుంది.

ఈ శాస్త్రమంతా ఆవిడకు పుట్టుకతో రాలేదు. మొదట్లో ఒక ఇంట్లో అరుగు చుట్టూ నిలువెత్తు మొక్కలు దట్టంగా పెట్టింది. ఆ ఇంటి తాతగారు ఒకరోజు కోడలి మీద అలిగి అందులో కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళు ఆయన నడకకు వెళ్ళారనుకున్నారు. ఎవరూ రాకపోయేసరికి ఆయన అలక కాస్తా నిద్రలోకి దిగింది. లేచి చూసేసరికి అందరూ ఆయన కోసం వీధులు వెతుకుతున్నారు తప్ప పెరట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం ఆయన తోటమ్మకు ఫోను చేసి పెట్టిన చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. మర్నాడే ఆవిడ కత్తెర పట్టుకెళ్ళి మొక్కల్ని నడుం ఎత్తుకు దించేసింది.

అసలు ఈ అరుగు పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, ఆవిడ కొత్త కాపురంలో. పెళ్ళయిన కొత్తలో అత్తగారూ మామగారూ, ఆడపడుచూ, మొగుడూ, తనూ, అందరూ రెండు గదుల్లో. ఒక గదిలోంచి దాటితేనే రెండో గది. అలిగి గోడవైపు తిరిగి కూర్చుంటే, "కాస్త జరుగమ్మా, బాల్చీ తీసుకోవాలి" అని మామగారు పక్కనుంచి చెయ్యి చాపేవారు. బతిమాలాల్సిన మొగుడు ఆవిడ కాళ్ళమీదుగా దాటి కుళాయి దగ్గరికి వెళ్ళేవాడు. పళ్ళు పటపట కొరుక్కోవడం తప్ప చేసేదేం లేదు. ఒకరోజు ఆవిడ తిక్కరేగి, పెరటి గోడవారగా ఉన్న నీళ్ళ తొట్టి పలక మీదికెక్కి కూర్చుంది. మొగుడు చాలాసేపటికి వచ్చాడు. చేతిలో టీ గ్లాసు. "ఇక్కడైతే అమ్మకి వినపడదు, చెప్పు ఏమైందో" అన్నాడు. వాళ్ళిద్దరూ పెళ్ళయ్యాక ఒంటరిగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆయన ఒప్పుకోడు. టీ తను చెయ్యలేదనీ, తన చెల్లెలు చేసిందనీ మాత్రం ఒప్పుకుంటాడు.

అప్పట్లో ఆవిడ మొక్కలమ్మే నర్సరీలో నీళ్ళు పట్టే పనికి వెళ్ళేది. అమ్మిన మొక్కలు ఇళ్ళకు చేర్చే పని కూడా ఆవిడదే. నీడలో బతికేదాన్ని ఎండలో పెట్టి, ఎండ కావాల్సినదాన్ని మెట్లకింద పెట్టి, చచ్చిపోయాక "మీ మొక్క మంచిది కాదు" అని తిట్టేవాళ్ళను చూసి చూసి, "ఇటివ్వండి, నేనే పెడతాను" అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గీతలు గీయడం నేర్చుకుంది, నర్సరీకి వచ్చే ఒక డ్రాయింగు మాస్టారు దగ్గర. మొగుడు అప్పటికే పైపుల పనిలో ఉన్నాడు. ఈవిడ ఎక్కడ ఏ మొక్క ఉండాలో చెబితే, అక్కడికి నీళ్ళు ఎలా రావాలో, ఎలా పోవాలో ఆయన చూస్తాడు. పోవడమే ముఖ్యం అంటాడాయన. ఇద్దరికీ కలిపి ఒక మేస్త్రీ తోడయ్యాడు. ముగ్గురూ రోజుకొకసారైనా కీచులాడుకుంటారు, సాయంత్రానికి ఒకే స్కూటరూ దాని వెనకే ఒక సైకిలూ వేసుకుని ఇంటిదారి పడతారు.

ఆ ఏడు వానలకు ముందు ఒక మూలమలుపు ఇంటికి తోట వెయ్యమని కబురొచ్చింది. పిలిచినావిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నలభైకి దగ్గరపడ్డాక పెళ్ళి చేసుకుంది. ఆయనకు అది రెండో పెళ్ళి, మొదటి భార్య ఎప్పుడో పోయింది. హైస్కూల్లో చదివే కూతురుంది. కొత్త కాపురానికి ఏడాది దాటింది. ఇల్లు శుభ్రంగా, ఆస్పత్రిలా ఉంది. ఎక్కడా ఒక చెప్పు బోర్లాపడి లేదు.

తోటమ్మ కొలతలు తీసుకుని, ఎప్పట్లాగే ఆ ప్రశ్న అడిగింది.

"మా ఇంట్లో ఎవరూ అలగరండి" అంది కళ్ళజోళ్ళావిడ.

ఇలా చెప్పేవాళ్ళను తోటమ్మ చాలామందినే చూసింది. వాళ్ళు గొప్పగా చెబుతారు. ఈవిడ మాత్రం గొప్పగా చెప్పలేదు. ఇంట్లో కుళాయి పనిచెయ్యట్లేదని చెప్పినట్టు చెప్పింది.

ఇంతలో పిల్ల బడినుంచి వచ్చింది. బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టింది. "నమస్తే ఆంటీ" అంది తోటమ్మతో. తర్వాత కళ్ళజోళ్ళావిడ వైపు తిరిగి, "మీరు టీ తాగారాండీ? నన్ను పెట్టమంటారా?" అని అడిగింది.

"వద్దమ్మా, నువ్వు అలిసిపోయొచ్చావు. ఆకలేస్తోందా?"

"పర్వాలేదండీ. ఏదైనా సరే."

పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. తోటమ్మ ఆ తలుపు వంకే చూసింది. తన ఇద్దరు పిల్లలూ ఆ వయసులో తలుపులు వేసిన తీరుకు గోడల సున్నం రాలేది. కన్నతల్లిని 'అండీ' అని పిలిచే పిల్లలు ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు, ఈ 'అండీ' అది కాదు. బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డప్పుడు అనే 'అండీ'.

కళ్ళజోళ్ళావిడ కుర్చీ లాగి కూర్చుంది. "చూశారుగా" అంది. "దేనికీ కాదనదు. దేనికీ కావాలనదు. ఏ కూర వండినా బావుందంటుంది. పుట్టినరోజుకు నేను కొన్న డ్రెస్సు దానికి నచ్చలేదని నాకు తెలుసు, అయినా వేసుకుంది. వాళ్ళ నాన్న మీద మాత్రం మూతి ముడుచుకుంటుంది. అలిగి అన్నం మానేస్తుంది. నా మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అలిగితే చాలు మేడమ్. నేను బతిమాలతానని నమ్మకం ఉంటేనే కదా అలిగేది!"

ఇంటాయన మంచివాడు. ఇంట్లో గొడవల్లేవు కదా అని గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ని అని ప్రయోజనం లేదు.

"అరుగు కట్టించనా, వద్దా?" అని అడిగింది తోటమ్మ, గొంతు కాస్త తగ్గించి.

ఆవిడ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. "కట్టించండి. కానీ అది రోజూ ఖాళీగా కనపడితే చూడలేను" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తోటమ్మ ఈ సంగతి చెబితే పైపులాయన విసుక్కున్నాడు. "మనకెందుకే ఈ లంపటం? గడ్డి పరిచి, నాలుగు మొక్కలు పెట్టి చక్కా వచ్చెయ్. అలకలూ అవీ కొలతలు తీసి కట్టేవా?"

"మీరు నా మీద ఇన్నిసార్లు అలిగారు కదా, కొలవకుండానే కూర్చున్నారా?"

"నేనెప్పుడు అలిగానే?"

"కిందటి బుధవారం."

ఆయన మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

పని మొదలైంది. పెరట్లో మొదటి గునపం వెయ్యగానే ఖంగుమంది. ఇల్లు కట్టినవాళ్ళు చేసే ఘనకార్యం ఇదే. మిగిలిపోయిన ఇటుక ముక్కలూ, గడ్డకట్టిన సిమెంటు బస్తాలూ, పెయింటు డబ్బాలూ అన్నీ అక్కడే పూడ్చి, పైన జానెడు ఎర్రమట్టి కప్పి చేతులు దులుపుకుంటారు. ఇంటివాళ్ళు ఆ మట్టిరంగు చూసి మురిసిపోతారు. రెండు కాలాలు గడిచాక మొక్కలన్నీ ఎందుకు వాడిపోతున్నాయో తెలియక ఎరువులు గుమ్మరిస్తారు. తోటమ్మ ఇలాంటివాళ్ళను వాళ్ళ వంశాలతో సహా తిట్టుకుంటూ ఆ చెత్తంతా తవ్వి తీయించింది. గోతులు ఎండకు ఆరబెట్టి, పశువుల ఎరువూ ఆకులకుళ్ళూ కలిపిన మట్టితో నింపించింది. పైపులాయన సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి ఈ కొసా ఆ కొసా పట్టించి వాలు చూశాడు. పెరడంతా ఇంటివైపే ఒరిగి ఉంది. వాన పడితే నీళ్ళు తిన్నగా వంటింట్లోకి చుట్టపుచూపుగా వస్తాయన్నమాట. ఆయన నెత్తి కొట్టుకుని, మట్టి ఎత్తు మార్పించి, గోడవారగా కాలవ తీశాడు.

అరుగు ఎక్కడ కట్టాలన్నదే తోటమ్మకు తేలలేదు. సున్నం పొడితో మూడుచోట్ల గీతలు గీసి, బడినుంచి వచ్చిన పిల్లను పిలిచింది.

"తల్లీ, వీటిలో నీకేది బావుంది?"

"మీ ఇష్టం ఆంటీ."

"కూర్చునేది నేను కాదుగా."

"ఎక్కడైనా పర్వాలేదు ఆంటీ. అన్నీ బావున్నాయి."

తోటమ్మకు ఆ 'అన్నీ బావున్నాయి' వింటే ఒళ్ళు మండింది. "ఒక్కటైనా బాగాలేదని చెప్పవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అనేసింది. పిల్ల మర్యాదగా నవ్వి లోపలికి వెళ్ళింది. ఆఖరుకి తోటమ్మ, ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్న జామచెట్టు పక్కన, వంటింటి కిటికీకి ఏటవాలుగా కట్టించింది. నల్లరాతి పలక, వీపుకు ఆసరాగా చిన్న గోడ. దాని ముందు గులకరాళ్ళు. మేస్త్రీ చేతి పని గురించి చెప్పేదేముంది, పలక మీద నీళ్ళచుక్క వేస్తే ఎటూ దొర్లకుండా అక్కడే కూర్చుంది.

రోజులు గడిచాయి. గడ్డి పచ్చబడింది. కళ్ళజోళ్ళావిడ దుకాణం నుంచి రాగానే వంటింటి కిటికీలోంచి ఒకసారి చూసేది. అరుగు మీద పిల్లులు పడుకునేవి. ఒకసారి ఇంటాయన పేపరు పట్టుకుని కూర్చుని, చాలా హాయిగా ఉందని మెచ్చుకున్నాడు. పిల్ల మాత్రం అటు పోలేదు. "పిల్లి కూడా అలిగింది గానీ..." అని తోటమ్మకు టీ ఇస్తూ కళ్ళజోళ్ళావిడ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తోటమ్మకు ఆ రోజు టీ సహించలేదు. కట్టించకుండా ఉండాల్సిందేమో అని మొదటిసారి అనిపించింది.

చివరి పని పెరటి గుమ్మం ముందు మెట్టు. మేస్త్రీ పొద్దున్నే సిమెంటు పోసి, మధ్యాహ్నం దాటాక పైన మందంగా ఇంకో పూత వేసి, తాపీతో నున్నగా చేశాడు. ఆ రోజు కళ్ళజోళ్ళావిడకు సెలవు. చేటంత అట్టముక్క పట్టుకుని మెట్టు పక్కనే కాపలా కూర్చుంది. పిల్లులొస్తే అదిలించింది. కాకులొస్తే అదిలించింది. పాలవాడిని చుట్టూ తిరిగి రమ్మంది. తోటమ్మ కాలవ దగ్గర పైపులాయనకు రాళ్ళందిస్తూ, ఈవిడ కాపలా చూసి నవ్వుకుంది.

సాయంత్రం గేటు ధడాలుమంది. ఆ ఇంట్లో ఆ చప్పుడు అంతకుముందు ఎవరూ వినలేదు. పిల్ల సంచీ భుజాన ఎగురుతుండగా, వీధి తలుపు వేసుండేసరికి ఇంటిపక్క సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చింది వచ్చినట్టు మెట్టు మీద రెండు బూట్లూ దిగేసి, జారి, చెయ్యి కూడా ఆనించి, గుమ్మం పట్టుకుని నిలబడింది. పొద్దుట్నుంచీ చేసిన పనంతా ముద్దయిపోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" కళ్ళజోళ్ళావిడ అరిచిన అరుపుకు మేస్త్రీ చేతిలోని తాపీ జారిపోయింది. "పొద్దుట్నుంచీ తిండి కూడా మానేసి కాపలా కాస్తున్నా! కొంచెమైనా చూసి నడవొద్దూ? ఎద్దులా మీద పడడమేనా?"

అనేసి, చప్పున నోటిమీద చెయ్యి వేసుకుంది. ఏడాదిపాటు 'అమ్మా, తల్లీ' తప్ప ఇంకో మాట అనని మనిషి. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. "నాకేం తెలుసు? తడిగా ఉందని ముందే చెప్పొచ్చుగా నువ్వు!" అని గొంతు చించుకుంది. "నన్ను స్కూలు టీముకు కెప్టెన్ని చేశారు. అందరికంటే ముందు నీకే చెబుదామని బస్టాపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చా. నువ్వు తిట్టావు! పో, నేను నీకేం చెప్పను!"

సంచీ అక్కడే విసిరేసి, సిమెంటు బూట్లతో గులకరాళ్ళన్నీ చెదరగొట్టుకుంటూ వెళ్ళి, అరుగు మీద ఇంటివైపు వీపు పెట్టి కూర్చుంది. చేతులు కట్టుకుంది.

కళ్ళజోళ్ళావిడ కళ్ళు ధారలు కట్టాయి. "అయిపోయింది మేడమ్. అంతా నాశనం చేసుకున్నాను. ఇక నా ముఖం కూడా చూడదు" అంటూ అటు పరుగెత్తబోయింది. తోటమ్మ మట్టి చేతుల్తోనే ఆవిడ జబ్బ పట్టుకుని ఆపింది.

"ఏం నాశనం కాలేదు. విన్నారా, మిమ్మల్ని ఏమని పిలిచిందో?"

ఆవిడకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. "నువ్వంది" అంది, నమ్మకం కుదరనట్టు. "నన్ను నువ్వంది."

"అలిగింది. అచ్చంగా మీ మీదే. నాన్నగారి మీద కాదు."

"మరి వెళ్ళి బతిమాలనా?"

"అప్పుడే వద్దు. వెంటనే పోతే అలక్కి విలువేముంటుంది? కాస్త అలగనివ్వండి. ఒక్కసారి ఇటు తిరిగి చూస్తుంది, చూసి మళ్ళీ తిప్పుకుంటుంది. అప్పుడు వెళ్ళండి."

వాళ్ళిద్దరూ ఇంటి గోడ చాటున నిలబడ్డారు. "అమ్మా, ఈ అడుగులు ఉంచెయ్యనా? గుర్తుగా ఉంటాయి" అన్నాడు మేస్త్రీ, అతని కంట్లోనూ తడి ఉంది. "గుర్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నున్నగా చెయ్యి, నీళ్ళు నిలుస్తాయి" అంది తోటమ్మ. అతను వంగి పనిలో పడ్డాడు.

పిల్ల ఇటు తిరగలేదు. జామచెట్టు నీడ గోడమీదికి పాకింది. అప్పటికీ తిరగలేదు. వీపు కర్రలా నిటారుగా ఉంది. తోటమ్మ గుండెలో రాయి పడింది. కోపమొచ్చినవాళ్ళు వేరు, అలిగినవాళ్ళు వేరు. కోపమొచ్చినవాళ్ళు వెనక్కి చూడరు. మనసు విరిగినవాళ్ళూ చూడరు. అది అలకేనని ఇంత ధీమాగా చెప్పేసింది, తన లెక్క తప్పితే? పరాయి ఇంటి పిల్ల సంగతి తనకేం తెలుసు? పైపులాయన కాలవలోంచి తలెత్తి ఈవిడ వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం ఈవిడకు బాగా తెలుసు, అందుకే అటు చూడలేదు.

"ఇంకాసేపు..." అనబోయింది.

"నా వల్ల కాదు మేడమ్" అంది కళ్ళజోళ్ళావిడ. "విలువ పోతే పోనివ్వండి." ఆవిడ చెయ్యి విడిపించుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గులకరాళ్ళ మీద నడిచి వెళ్ళింది. రాళ్ళు గుచ్చుకుని కుంటింది, అయినా ఆగలేదు. అరుగు ముందుకు వెళ్ళి నిలబడింది. కెప్టెన్ అయినందుకు మెచ్చుకోవాలో, తిట్టినందుకు తప్పైందనాలో తేలక, రెండు చేతులూ నలుపుకుంటూ ఉండిపోయింది.

పిల్ల తలెత్తలేదు. ముక్కు ఎగబీల్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. పెరడంతా వినపడేలా అంది:

"రావడానికి ఇంతసేపా నీకు?"